నోడ్ జేఎస్ సర్వర్‌లో ప్రామిస్‌లతో అసింక్రనస్ పనులను నడపడం ఎలా

సర్వర్ ప్రోగ్రామ్ గడిపే సమయంలో ఎక్కువ భాగం ఎదురుచూపులకే పోతుంది. డేటాబేస్ నుంచి సమాచారపు వరసలు రావాలి, డిస్కు మీది ఫైలును చదవడం ముగియాలి, నెట్‌వర్క్ అవతల ఉన్న మరో సర్వర్ జవాబివ్వాలి. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్ జేఎస్‌లో మీరు రాసే కోడ్ మామూలుగా ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒకే పని సాగే దారిలో నడుస్తుంది కాబట్టి, ఆ థ్రెడ్ ఏదో ఒక జవాబు కోసం కదలకుండా నిలబడిపోతే అదే సమయంలో వచ్చిన మిగతా రిక్వెస్టులన్నీ దానితోపాటు నిలిచిపోతాయి. అందుకే 2009లో ర్యాన్ డాల్ నోడ్‌ను రూపొందించిన నాటి నుంచీ, పనిని మొదలుపెట్టి ముందుకు సాగిపోవడం, ఫలితం వచ్చాక దాన్ని అందుకోవడం అనేదే అందులోని పద్ధతి. తొలి సంవత్సరాల్లో ఫలితాన్ని అందుకోవడానికి, పని ముగిశాక పిలవమని ముందే అప్పగించే కాల్‌బ్యాక్ ఫంక్షన్లు వాడేవారు. 2015 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంతో ప్రామిస్ భాషలో భాగమైంది, 2017 నాటి ప్రమాణంతో అసింక్, అవెయిట్ అనే రెండు మాటలు వచ్చి చేరాయి.

జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్లు, ఆబ్జెక్టులు రాయడం మీకు వచ్చుననీ, ప్రామిస్‌లను అక్కడక్కడా వాడి ఉంటారనీ అనుకుని ఇక్కడి మెట్లను రాస్తున్నాను. అన్ని మెట్లలోనూ ఒకే సూత్రాన్ని పట్టుకుని నడుద్దాం: మీ ప్రోగ్రామ్‌లో పుట్టిన ప్రతి ప్రామిస్‌కూ పూచీ పడే చోటు ఒకటి ఉండాలి. దాని ఫలితాన్ని ఎవరు అందుకుంటారు, అది విఫలమైతే ఆ వైఫల్యాన్ని ఎవరు తలకెత్తుకుంటారు అన్న రెండు ప్రశ్నలకు కోడ్‌లో వేలుపెట్టి చూపించగలగాలి. సర్వర్లలో ప్రామిస్‌ల చుట్టూ వచ్చే చిక్కుల్లో చాలావాటి మూలం వెతికితే, పూచీ లేని ప్రామిస్ ఒకటి ఎక్కడో బయటపడుతుంది.

ముందుగా ప్రామిస్ ఏం చేస్తుందో, ఏం చేయదో తేల్చుకోండి

ప్రామిస్ అనేది ఇంకా చేతికి రాని విలువకు బదులుగా ఇప్పుడే మీకు అందే రసీదు వంటి ఆబ్జెక్టు. పుట్టినప్పుడు అది పెండింగ్ స్థితిలో ఉంటుంది. పని ఫలిస్తే ఒక విలువతో నెరవేరుతుంది, విఫలమైతే ఒక కారణంతో రిజెక్ట్ అవుతుంది. రెండిటిలో ఏదో ఒకటి జరిగాక దాని స్థితి ఇక మారదు. ప్రామిస్‌ను నెరవేర్చే రిజాల్వ్ ఫంక్షన్‌ను మళ్లీ పిలిచినా ఎర్రర్ రాదు, ఆ పిలుపు చప్పుడు లేకుండా వృథా అవుతుంది. ఫలితం వచ్చాక నడవవలసిన ఫంక్షన్‌ను అప్పగించే దెన్‌ను ఒకే ప్రామిస్‌కు ఎన్ని చోట్ల నుంచైనా తగిలించవచ్చు. ఎప్పుడో ముగిసిపోయిన ప్రామిస్‌కు తగిలించినా ఫలితం అందుతుంది. ఈవెంట్ అలా కాదు, అది జరిగే వేళకు మీరు వింటూ ఉండాలి.

కోడ్ రాయడానికి ముందు కొన్ని సంగతులు మనసులో స్థిరపడాలి. ప్రామిస్ చేతికి వచ్చేసరికే పని మొదలైపోయి ఉంటుంది. న్యూ ప్రామిస్‌కు మీరిచ్చే ఫంక్షన్ ఆ వాక్యం దగ్గరే, అప్పటికప్పుడే నడుస్తుంది. అందుచేత ప్రామిస్‌లను ఒక జాబితాలో పేర్చుకుని వాటిని తరువాత ఒక్కొక్కటిగా నడపవచ్చని అనుకోవడం కుదరదు. పనిని వాయిదా వేయదలచుకుంటే, ప్రామిస్‌ను తిరిగి ఇచ్చే ఫంక్షన్లను జాబితాలో పెట్టుకోవాలి.

ప్రామిస్ వాడినంత మాత్రాన లెక్క కట్టే పని మరో థ్రెడ్‌కు పోదని కూడా గుర్తుంచుకోండి. ఒక పెద్ద జేసన్ పాఠాన్ని విడదీయడం, లక్షల అంకెలను లూపులో కూడడం వంటివి అసింక్ ఫంక్షన్ లోపల రాసినా అదే థ్రెడ్‌ను పట్టుకుని కూర్చుంటాయి, సర్వర్ ఆ సేపు మూగబోతుంది. అటువంటి పనికి వర్కర్ థ్రెడ్లు వాడాలి. నోడ్ లోపలి లిబ్‌యూవీ లైబ్రరీకి సొంతంగా ఒక థ్రెడ్ పూల్, అంటే సిద్ధంగా ఉంచిన థ్రెడ్ల సమూహం ఉంది. ఫైళ్ల పనులు, సర్వర్ పేరు నుంచి చిరునామా వెతికే డీఎన్ఎస్ లుకప్, పాస్‌వర్డ్ హ్యాషింగ్ కోసం వాడే పీబీకేడీఎఫ్2 వంటి క్రిప్టో పనులు, జీలిబ్ కుదింపు అందులో నడుస్తాయి. ఆ పూల్‌లో మామూలుగా ఉండేవి 4 థ్రెడ్లే. కాబట్టి ఒకేసారి వంద పాస్‌వర్డ్ హ్యాష్‌లు మొదలుపెట్టి వంద ప్రామిస్‌లు పట్టుకున్నా, నిజానికి ఒక క్షణంలో నడిచేవి నాలుగే, మిగతావి క్యూలో ఉంటాయి. వాటి వెనుక నిలబడిన ఫైలు చదివే పని కూడా అకారణంగా మందగించినట్టు కనిపిస్తుంది. నెట్‌వర్క్ సాకెట్లు ఈ పూల్‌ను వాడవు, వాటిని ఆపరేటింగ్ సిస్టమే గమనించి కబురు చేస్తుంది.

ఇక వరుస విషయం. దెన్‌కు ఇచ్చిన ఫంక్షన్ వెంటనే నడవదు. అది మైక్రోటాస్క్ క్యూ అనే చిన్న పనుల వరుసలో చేరి, ఇప్పుడు నడుస్తున్న కోడ్ ముగిశాక, టైమర్లకూ కొత్త ఇన్‌పుట్‌కూ ముందుగా నడుస్తుంది. ఈ క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా, తరువాత నడవవలసిన పనిని ఎంచుకునే ఈవెంట్ లూప్ ముందుకు పోదు. తనను తాను మళ్లీ మళ్లీ మైక్రోటాస్క్‌గా పెట్టుకునే కోడ్ రాస్తే, అవెయిట్‌లు ఎన్ని ఉన్నా సర్వర్ కొత్త రిక్వెస్టును అందుకోలేదు.

కాల్‌బ్యాక్‌లను అంచుల దగ్గరే ప్రామిస్‌లుగా మార్చండి

పాత లైబ్రరీ కాల్‌బ్యాక్ అడిగినప్పుడు ఆ కాల్‌బ్యాక్‌ను మీ కోడ్ లోపలి దాకా రానివ్వకండి. ఆ లైబ్రరీని పిలిచే చిన్న ఫంక్షన్‌లోనే దాన్ని ప్రామిస్‌గా మార్చి, మిగతా ప్రోగ్రామ్‌కు ప్రామిస్‌లే కనిపించేలా చేయండి. దీనికి మూడు దారులున్నాయి, వాటిని ఈ వరుసలోనే ప్రయత్నించండి. నోడ్‌లోనే ప్రామిస్ రూపం ఉన్నదేమో ముందు చూడండి: ఫైళ్ల కోసం ఎఫ్ఎస్ ప్రామిసెస్ మాడ్యూల్, టైమర్ల కోసం టైమర్స్ ప్రామిసెస్ మాడ్యూల్, స్ట్రీమ్‌ల కోసం స్ట్రీమ్ ప్రామిసెస్‌లోని పైప్‌లైన్ ఇప్పటికే ఉన్నాయి. అవి సరిపోకపోతే, మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఎర్రర్ వచ్చే పద్ధతిని పాటించే ఫంక్షన్లకు నోడ్ 8తో వచ్చిన యుటిల్ ప్రామిసిఫై వాడండి. ఒక ఆబ్జెక్టు మెథడ్‌ను ప్రామిసిఫై చేసేటప్పుడు దాన్ని ఆ ఆబ్జెక్టుకు బైండ్ చేయడం మరవకండి, లేకపోతే లోపల దిస్ అనేది ఖాళీ అయిపోయి అర్థం కాని ఎర్రర్ వస్తుంది.

ఈ రెండూ కుదరనప్పుడే న్యూ ప్రామిస్ రాయండి. అలా రాసినప్పుడు పని ముగియగల దారులన్నిటినీ లెక్కపెట్టుకోండి. ఒక ఫైలు స్ట్రీమ్ ఫినిష్ ఈవెంట్ కోసం మాత్రమే విని, ఎర్రర్ ఈవెంట్‌ను వదిలేస్తే, డిస్కు నిండిన రోజున మీ ప్రామిస్‌కు ఆ సంగతి ఎన్నటికీ చేరదు. ఎన్నటికీ తేలని ప్రామిస్ రిజెక్ట్ అయిన ప్రామిస్ కంటే ప్రమాదకరం, ఎందుకంటే అది లాగ్‌లో ఒక్క గీత కూడా మిగల్చదు. ఇంకొక జాగ్రత్త: న్యూ ప్రామిస్‌కు ఇచ్చే ఫంక్షన్‌ను అసింక్‌గా ప్రకటించకండి. దాని లోపల పుట్టిన ఎర్రర్ ఆ అసింక్ ఫంక్షన్ తిరిగి ఇచ్చిన ప్రామిస్‌లోకి పోతుంది, దాన్ని అందుకునే చోటు ఉండదు, బయటి ప్రామిస్ మాత్రం పెండింగ్‌లోనే ఉండిపోతుంది. ఇప్పటికే ప్రామిస్ ఇస్తున్న ఫంక్షన్‌ను మరో న్యూ ప్రామిస్‌లో చుట్టవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. దాన్ని అలాగే రిటర్న్ చేస్తే చాలు.

వరుసగా జరగవలసిన పనులకు అసింక్, అవెయిట్ వాడండి

అసింక్ అని ప్రకటించిన ఫంక్షన్ ఏది రిటర్న్ చేసినా బయటికి ప్రామిస్‌గానే వస్తుంది, లోపల త్రో చేసిన ఎర్రర్ ఆ ప్రామిస్‌ను రిజెక్ట్ చేస్తుంది. అవెయిట్ దగ్గర ఆగేది ఆ ఒక్క ఫంక్షనే. థ్రెడ్ వేరే రిక్వెస్టుల మీదికి వెళ్లిపోతుంది. థ్రెడ్ అలా వెళ్లిపోవడం వల్ల ఒక పర్యవసానం ఉంది. ప్రతి అవెయిట్ దగ్గరా ఇతర కోడ్ నడిచే అవకాశం ఉన్నది కనుక, అవెయిట్‌కు ముందు మీరు చదివిన ఉమ్మడి విలువ అవెయిట్ తరువాత అదే విధంగా ఉంటుందని నమ్మకండి. ఖాతాలోని నిల్వను చదివి, అవెయిట్ చేసి, పాత నిల్వలోంచి తీసివేసి తిరిగి రాసే కోడ్‌కు ఒకే సమయంలో రెండు రిక్వెస్టులు వస్తే, రెండూ ఒకే నిల్వను చూసి ఒకదాని మార్పును ఇంకొకటి చెరిపేస్తాయి. థ్రెడ్ ఒక్కటే అయినంత మాత్రాన ఈ పోటీ తొలగిపోదు. ఆ కూడిక, తీసివేతలను డేటాబేస్‌కే ఒక్క ఆదేశంగా అప్పగించడమో, ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలో) పెట్టి ఆ ఖాతా వరసకు తాళం వేయడమో చేయండి.

అవెయిట్ రాయడం మరచిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చెప్పడం అవసరం, ఎందుకంటే ఇది కేవలం లోపంగా ఆగదు. వాడుకరికి ఒక పేజీ చూసే అనుమతి ఉన్నదో లేదో డేటాబేస్‌లో వెతికి నిజం లేదా అబద్ధం తిరిగి ఇచ్చే అసింక్ ఫంక్షన్ ఒకటి ఉన్నదనుకోండి. ఇఫ్ లోపల దాన్ని అవెయిట్ లేకుండా పిలిస్తే, ఇఫ్ చేతికి వచ్చేది ప్రామిస్ ఆబ్జెక్టు. జావాస్క్రిప్ట్‌లో ఏ ఆబ్జెక్టునైనా షరతుగా పరీక్షిస్తే నిజమనే తేలుతుంది. ఫలితంగా అనుమతి లేనివారికి కూడా తలుపు తెరుచుకుంటుంది, ఎర్రర్ రాదు, అనుమతి ఉన్నవారితో చేసిన పరీక్షలన్నీ నెగ్గుతాయి. ఫిల్టర్ మెథడ్‌కు అసింక్ ఫంక్షన్ ఇచ్చినా ఇదే జరుగుతుంది: ఒక్క అంశం కూడా వడపోతలో పోదు. అనుమతులను చూసే కోడ్‌ను సమీక్షించేటప్పుడు అవెయిట్ ఉన్నదా లేదా అని విడిగా, పనిగట్టుకుని వెతకండి.

ఒకదానికొకటి సంబంధం లేని పనులను కలిపి నడపండి

ఒక పేజీకి వాడుకరి వివరాలు, ఆర్డర్ల జాబితా, సిఫార్సులు అనే మూడు ముక్కలు కావాలనుకుందాం. అవి వరుసగా 120, 200, 80 మిల్లీసెకన్లు తీసుకుంటాయనుకుంటే, ఒక్కొక్కటిగా అవెయిట్ చేసినప్పుడు మొత్తం 400 మిల్లీసెకన్లు పడుతుంది. మూడింటినీ ఒకేసారి మొదలుపెడితే అన్నిటికంటే నెమ్మదైనదాని సమయం, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు సరిపోతుంది. ఒకదాని ఫలితం మరొకదానికి ముడిసరుకు కానప్పుడు ప్రామిస్ డాట్ ఆల్ వాడడం అలవాటు చేసుకోండి. అది ఫలితాలను మీరిచ్చిన వరుసలోనే తిరిగి ఇస్తుంది, ఏది ముందు ముగిసిందన్న దానితో ఆ వరుసకు సంబంధం లేదు.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటుంది. ప్రామిస్ డాట్ ఆల్ వాడకుండా, మూడు ఫంక్షన్లనూ పిలిచి మూడు ప్రామిస్‌లను మూడు చరరాశుల్లో ఉంచుకుని, తరువాత ఒక్కొక్కదాన్నీ అవెయిట్ చేసే రాత చూడడానికి ఎంతో పొందికగా ఉంటుంది, వేగం కూడా అంతే వస్తుంది. కానీ మొదటిదాని కోసం 120 మిల్లీసెకన్లు ఎదురుచూస్తున్న సమయంలో, మూడవది 80వ మిల్లీసెకను దగ్గర రిజెక్ట్ అయితే, ఆ క్షణానికి దాని వైఫల్యాన్ని అందుకునే చోటు ఇంకా ఏర్పడలేదు. నోడ్ దాన్ని ఎవరూ పట్టించుకోని రిజెక్షన్‌గా లెక్కగడుతుంది. 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి అటువంటి రిజెక్షన్‌కు మామూలు పర్యవసానం ప్రాసెస్ మొత్తం కూలిపోవడం. మీరు చుట్టూ ట్రై, క్యాచ్ రాసి ఉన్నా అది కాపాడదు, ఎందుకంటే కోడ్ ఇంకా ఆ అవెయిట్ దాకా చేరలేదు. ప్రామిస్ డాట్ ఆల్ ఈ అపాయాన్ని తప్పిస్తుంది. పిలిచిన క్షణంలోనే అది మూడింటికీ పూచీ పడుతుంది.

అయితే ప్రామిస్ డాట్ ఆల్‌కు కూడా హద్దులున్నాయి. అందులో ఒక్కటి విఫలమైనా అది వెంటనే రిజెక్ట్ అవుతుంది, కానీ మిగతా పనులు ఆగవు. అవి వెనుక నడుస్తూనే ఉంటాయి, వాటి ఫలితాలు మాత్రం మీకు అందవు. అందులో ఒకటి డేటాబేస్‌లో రాసే పని అయితే, మీరు వాడుకరికి విఫలమైందని చెప్పిన తరువాత కూడా ఆ రాత జరిగిపోవచ్చు. కొన్ని ముక్కలు రాకపోయినా పేజీ చూపించగలిగినప్పుడు, 2020 నాటి ప్రమాణంలో వచ్చిన ఆల్‌సెటిల్డ్ సరైన ఎంపిక. అది ఎప్పుడూ రిజెక్ట్ కాదు, ప్రతి పనికీ నెరవేరిందో లేదో చెప్పే స్థితితో ఒక జాబితా ఇస్తుంది. సిఫార్సులు రాకపోతే ఆ భాగాన్ని ఖాళీగా వదిలి మిగతాది పంపవచ్చు. రిజెక్ట్ అయినవాటిని లాగ్‌లో రాయవలసిన బాధ్యత అప్పుడు మీ మీద పడుతుంది, లేకపోతే సిఫార్సుల సర్వర్ కొన్ని రోజులుగా పడి ఉన్నా ఎవరికీ తెలియదు. ఒకే సమాచారం రెండు మూడు చోట్ల దొరికేటప్పుడు, మొదట నెరవేరినదాన్ని తీసుకునే ప్రామిస్ డాట్ ఎనీ ఉంది. అది 2021 ప్రమాణంలోనిది.

ట్రాన్సాక్షన్ లోపల ఈ సలహాను పక్కన పెట్టండి. ఒక ట్రాన్సాక్షన్ ఒకే కనెక్షన్ మీద నడుస్తుంది, సాధారణంగా ఆ కనెక్షన్ ఒక్కో ప్రశ్ననే (క్వెరీనే) తీసుకుంటుంది, కాబట్టి అక్కడ ప్రామిస్ డాట్ ఆల్ వేగమేమీ ఇవ్వదు. పైగా ఒకటి విఫలమై, మార్పులను వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్‌ను మీరు పంపేసరికి మిగతావి ఇంకా క్యూలో ఉండి, ఆ తరువాత నడిచే ప్రమాదం తెస్తుంది.

లూపుల్లో ఒకేసారి ఎన్ని నడవాలో మీరే నిర్ణయించండి

ఫర్‌ఈచ్ మెథడ్‌కు అసింక్ ఫంక్షన్ ఇవ్వకండి. అది మీ ఫంక్షన్ తిరిగి ఇచ్చే ప్రామిస్‌లను చూడనైనా చూడదు. అన్నిటినీ మొదలుపెట్టి, దేనికోసమూ ఆగకుండా తరువాతి వాక్యానికి వెళ్లిపోతుంది. ఒక్కొక్కటిగా వరుసలో జరగాలంటే ఫర్ ఆఫ్ లూపులో అవెయిట్ రాయండి. అన్నీ ఒకేసారి జరగవచ్చునంటే మ్యాప్‌తో ప్రామిస్‌ల జాబితా చేసి ప్రామిస్ డాట్ ఆల్‌కు ఇవ్వండి.

నిజమైన సర్వర్లలో ఎక్కువగా కావలసినది ఈ రెంటికీ నడుమ ఉంటుంది. పదివేల వాడుకరులకు మెయిలు పంపవలసి వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా పంపితే ఎంతకీ తెమలదు, పదివేలూ ఒకేసారి మొదలుపెడితే మెమొరీ, సాకెట్లు, అవతలి సర్వర్ ఓర్పు అన్నీ ఒకేసారి తరిగిపోతాయి. పోస్ట్‌గ్రెస్ కోసం నోడ్‌లో ఎక్కువగా వాడే పీజీ లైబ్రరీ పూల్‌లో మామూలుగా 10 కనెక్షన్లే ఉంటాయి. దాని మీద ఒకేసారి వేయి ప్రశ్నలు వదిలితే 990 వరుసలో నిలబడతాయి, ఆ వరుస వెనుకకే మామూలు వాడుకరుల రిక్వెస్టులూ చేరతాయి.

పరిమితి పెట్టే సులువైన పద్ధతి ఇది. జాబితా నుంచి, అంశాలను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ ఒకటి తీసుకోండి. ఆ ఇటరేటర్ మీద ఫర్ ఆఫ్ లూపు నడుపుతూ, ప్రతి అంశాన్నీ అవెయిట్‌తో పూర్తి చేసే అసింక్ ఫంక్షన్ ఒకటి రాయండి. దీన్ని పనివాడు అనుకుందాం. అదే ఇటరేటర్‌ను పంచుకుంటూ అటువంటి పనివాళ్లను ఎనిమిది మందిని మొదలుపెట్టి, ఆ ఎనిమిది ప్రామిస్‌లనూ ప్రామిస్ డాట్ ఆల్‌తో అవెయిట్ చేయండి. ఇటరేటర్ ఉమ్మడిది కాబట్టి ఏ అంశమూ రెండు సార్లు రాదు, ఏ సమయంలోనూ ఎనిమిది కంటే ఎక్కువ పనులు నడవవు, ఒకరు నెమ్మదించినా మిగతావారు ఆగరు. జాబితాను ఎనిమిదేసి ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ ప్రామిస్ డాట్ ఆల్ వాడే పద్ధతి కంటే ఇది మేలు. ఆ పద్ధతిలో ప్రతి ముక్కా తనలోని అత్యంత నెమ్మదైన పని కోసం ఖాళీగా కూర్చుంటుంది. ఒక అంశం విఫలమైనా మిగతావి సాగాలంటే, పనివాడి లూపు లోపలే క్యాచ్ రాసి వైఫల్యాన్ని ఒక జాబితాలో చేర్చుకోండి.

వైఫల్యాన్ని సరైన చోట అందుకోండి

ప్రతి అవెయిట్ చుట్టూ ట్రై, క్యాచ్ రాయడం జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ కాదు. లోపలి ఫంక్షన్ ఎర్రర్‌ను పట్టుకుని లాగ్ రాసి ఖాళీ విలువ తిరిగి ఇస్తే, పై ఫంక్షన్ ఆ ఖాళీని నిజమైన జవాబుగా నమ్ముతుంది. వాడుకరికి ఆర్డర్లే లేవని చూపిస్తుంది. ఎర్రర్‌తో ఏదైనా చేయగలిగిన చోటే దాన్ని పట్టుకోండి: మళ్లీ ప్రయత్నించడానికో, ప్రత్యామ్నాయ విలువ ఇవ్వడానికో, వాడుకరికి తగిన రెస్పాన్స్ పంపడానికో. అంతకు కింద ఉన్న పొరల్లో పట్టుకుంటే సందర్భం చేర్చి మళ్లీ త్రో చేయడానికే పట్టుకోండి. కొత్త ఎర్రర్ సృష్టించేటప్పుడు కాజ్ అనే అంశంలో పాత ఎర్రర్‌ను ఉంచితే అసలు కారణం పోకుండా ఉంటుంది.

సర్వర్‌లో పూచీ పడే ఆఖరి చోటు రిక్వెస్ట్ హ్యాండ్లర్. నోడ్‌లో సర్వర్లు రాయడానికి ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్ వాడేవారు తమ వెర్షన్ చూసుకోవాలి. 4వ వెర్షన్‌లో హ్యాండ్లర్ అసింక్ ఫంక్షన్ అయి లోపల రిజెక్ట్ అయితే ఎక్స్‌ప్రెస్‌కు ఆ సంగతి తెలియదు. మీరే పట్టుకుని, ఎర్రర్‌ను ముందుకు పంపే నెక్స్ట్ ఫంక్షన్‌కు అందించాలి, లేదా ఆ పని చేసే చిన్న ఫంక్షన్‌తో ప్రతి హ్యాండ్లర్‌నూ చుట్టాలి. 2024లో వచ్చిన 5వ వెర్షన్ రిజెక్ట్ అయిన ప్రామిస్‌ను తనే ఎర్రర్ మిడిల్‌వేర్‌కు, అంటే ఎర్రర్లను చూసుకునే ఫంక్షన్‌కు పంపుతుంది. ప్రాసెస్ స్థాయిలో అన్‌హ్యాండిల్డ్ రిజెక్షన్ ఈవెంట్‌కు ఒక శ్రోతను పెట్టి, ఎర్రర్‌ను వివరంగా లాగ్ చేసి, ప్రాసెస్‌ను ముగించండి. ఆ శ్రోతలో ఏమీ చేయకుండా సర్వర్‌ను నడవనివ్వడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఏ పని సగంలో తెగిందో తెలియని సర్వర్, ఆగిపోయి మళ్లీ మొదలైన సర్వర్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ట్రై లోపల ప్రామిస్‌ను రిటర్న్ చేసేటప్పుడు రిటర్న్ అవెయిట్ అని రాయండి. అవెయిట్ లేకపోతే ప్రామిస్ ఆ ట్రైను దాటి బయటికి వెళ్లిపోతుంది, కింద ఉన్న క్యాచ్ దాన్ని చూడదు. ఫైనల్లీ విషయంలోనూ ఇంతే: అవెయిట్ లేకుండా రిటర్న్ చేస్తే, ప్రశ్న ఇంకా నడుస్తుండగానే ఫైనల్లీలో కనెక్షన్ విడుదలైపోతుంది.

పూల్ నుంచి కనెక్షన్ తీసుకున్న ప్రతి చోటా దాన్ని ఫైనల్లీలోనే తిరిగి ఇవ్వండి. పీజీ పూల్‌లో కనెక్షన్ కోసం ఎదురుచూసే గడువు మామూలుగా సున్నా, అంటే గడువే లేదు. ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఒక కనెక్షన్ తిరిగి రాకుండా పోతే, పదో ఎర్రర్ తరువాత వచ్చే రిక్వెస్టులన్నీ ఎర్రర్ లేకుండా, జవాబు లేకుండా అలాగే నిలిచిపోతాయి. ఆ గడువును మీరే కొన్ని సెకన్లుగా నిర్ణయించడం మంచిది.

గడువు పెట్టండి, రద్దు చేసే దారి ఉంచండి

బయటి సర్వర్‌ను పిలిచే ప్రతి పనికీ గడువు ఉండాలి. ప్రామిస్ డాట్ రేస్‌లో అసలు పనినీ ఒక టైమర్‌నూ పోటీకి పెట్టడం చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. అయితే రేస్‌లో ఓడిన పని ఆగిపోదు, సాకెట్‌ను పట్టుకుని నడుస్తూనే ఉంటుంది. గెలుపు అసలు పనిదైతే టైమర్ మిగిలిపోతుంది, దాన్ని తుడిచేయకపోతే ప్రాసెస్ ముగియకుండా అడ్డుపడుతుంది.

పనిని నిజంగా ఆపాలంటే అబార్ట్ కంట్రోలర్ వాడండి. దాని సిగ్నల్‌ను ఫెచ్‌కు ఇస్తే, అబార్ట్ పిలిచిన వెంటనే కనెక్షన్ తెగి ప్రామిస్ రిజెక్ట్ అవుతుంది. గడువు మాత్రమే కావాలంటే అబార్ట్ సిగ్నల్ టైమ్‌అవుట్ అనే మెథడ్‌కు మిల్లీసెకన్లు ఇచ్చి, వచ్చిన సిగ్నల్‌ను ఫెచ్‌కు అందించడం చాలు. నోడ్ 18 నుంచి ఫెచ్ విడిగా ఏ ప్యాకేజీ లేకుండానే దొరుకుతుంది. మీ సొంత అసింక్ ఫంక్షన్లు కూడా సిగ్నల్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకుని కిందికి అందించేలా రాయండి. అప్పుడు వాడుకరి బ్రౌజర్ మూసేసినప్పుడు, ఆ రిక్వెస్ట్ కోసం మొదలైన పనులన్నిటినీ ఒకే చోటు నుంచి ఆపవచ్చు.

ఫెచ్ గురించి తప్పక తెలుసుకోవలసినది మరొకటి ఉంది. అవతలి సర్వర్ 404 లేదా 500 ఇచ్చినా ఫెచ్ ప్రామిస్ నెరవేరుతుంది. నెట్‌వర్క్ స్థాయిలో పని చెడినప్పుడే రిజెక్ట్ అవుతుంది. రెస్పాన్స్‌లోని ఓకే అనే గుణాన్ని చూసి, కాకపోతే మీరే ఎర్రర్ త్రో చేయాలి.

మళ్లీ ప్రయత్నించే కోడ్ రాస్తే, ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ విరామాన్ని రెట్టింపు చేస్తూ పోండి, ఉదాహరణకు 200, 400, 800 మిల్లీసెకన్లు. దానికి కొంత యాదృచ్ఛిక వ్యవధి కలపండి, లేకపోతే ఒకేసారి విఫలమైన వందల రిక్వెస్టులు మళ్లీ ఒకేసారి వచ్చి, కోలుకుంటున్న సర్వర్ మీద పడతాయి. రెండుసార్లు జరిగినా ఫలితం మారని పనులనే ఇలా మళ్లీ చేయండి. డబ్బు వసూలు చేసే పిలుపు గడువు దాటినంత మాత్రాన అది జరగలేదని అర్థం కాదు. అటువంటిదాన్ని, అదే కోరిక మళ్లీ వచ్చిందని అవతలి సర్వర్ గుర్తుపట్టేందుకు ఇచ్చే ప్రత్యేక సంఖ్య (ఐడెంపొటెన్సీ కీ) లేకుండా మళ్లీ పంపకండి.

రెస్పాన్స్ పంపాక మిగిలే పనులకూ లెక్క ఉంచండి

కొన్ని పనుల కోసం వాడుకరిని నిలబెట్టనవసరం లేదు: స్వాగత మెయిలు, గణాంకాల నమోదు వంటివి. వాటిని అవెయిట్ చేయకుండా వదిలేటప్పుడు కనీసం క్యాచ్ తగిలించి లాగ్‌కు పంపండి. అంతకంటే మంచి పద్ధతి, అటువంటి ప్రామిస్‌లను ఒక సెట్‌లో చేర్చి, ఫైనల్లీలో ఆ సెట్ నుంచి తొలగించడం. సర్వర్‌ను ఆపమని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి సిగ్‌టర్మ్ అనే సంకేతం వచ్చినప్పుడు, సర్వర్ క్లోజ్ పిలిచి కొత్త కనెక్షన్లను ఆపండి. నడుస్తున్న రిక్వెస్టులు ముగిశాక ఆ సెట్‌లో మిగిలినవాటిని ఆల్‌సెటిల్డ్‌తో అవెయిట్ చేయండి. ఆ తరువాతే డేటాబేస్ పూల్‌ను మూయండి. ఈ వరుస తారుమారైతే చివరి పనులు మూసిన పూల్‌ను తట్టి విఫలమవుతాయి. ఈ ఎదురుచూపుకూ గడువు పెట్టాలి: సర్వర్ ప్రోగ్రామ్‌లను నడిపించే కుబర్నెటీస్ వ్యవస్థ మామూలుగా 30 సెకన్లు ఇచ్చి ఆ పైన బలవంతంగా ఆపేస్తుంది, కాబట్టి మీ గడువు అంతకంటే తక్కువ ఉండాలి. పోతే తిరిగి రాని పనులు, బిల్లు తయారీ వంటివి, ప్రాసెస్ మెమొరీలోని ప్రామిస్‌గా ఎప్పుడూ ఉండకూడదు; వాటిని డేటాబేస్‌లోనో జాబ్ క్యూలోనో రాసి, ఆ రాత పూర్తయ్యాకే రెస్పాన్స్ పంపండి.

కన్ను దాటిపోయేవాటిని పట్టడానికి పరికరాలను పెట్టుకోండి

పూచీ లేని ప్రామిస్‌ను మనిషి కంటే పరికరం బాగా పడుతుంది. టైప్‌స్క్రిప్ట్ వాడుతుంటే, కోడ్‌లోని లోపాలను వెతికే టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లోని నో ఫ్లోటింగ్ ప్రామిసెస్, నో మిస్‌యూజ్డ్ ప్రామిసెస్ అనే రెండు నియమాలను వెంటనే వెలిగించండి. మొదటిది ఎవరూ అందుకోని ప్రామిస్‌ను పడుతుంది, రెండోది ఇఫ్ షరతులో, ఫర్‌ఈచ్‌లో చొరబడిన ప్రామిస్‌ను పడుతుంది. పాత ప్రాజెక్టులో వీటిని మొదటిసారి నడిపినప్పుడు పెద్ద జాబితా రావచ్చు. అందులో అనుమతులకూ డబ్బుకూ సంబంధించిన ఫైళ్లతో మొదలుపెట్టండి. పరీక్షలు రాసేటప్పుడు ప్రతి అసింక్ ఫంక్షన్‌కూ అది నెరవేరే సందర్భంతోపాటు, రిజెక్ట్ అయ్యే సందర్భం, గడువు దాటే సందర్భం రాయండి. పరీక్ష ఫంక్షన్ తన ప్రామిస్‌ను అవెయిట్ చేసిందో లేదో కూడా చూడండి, ఎందుకంటే అవెయిట్ లేని పరీక్ష తనిఖీ జరగకముందే ముగిసి, నెగ్గినట్టు చూపిస్తుంది.